బ్యాండ్‌మేళం వ్యానుకి బ్రేకులు

మా మేనకోడలు ఈమధ్యే మధురవాడలో ఒక కార్ల షోరూములో సర్వీస్ అడ్వైజరుగా చేరింది. మొదటివారం గడిచాక నాకు ఫోన్ చేసి, "అత్తా, మీరు లేబర్ చార్జీ ఎలా వేసేవారు? మాకైతే కంప్యూటరే చెప్పేస్తుంది" అంది. దాని గొంతులో నామీద కొంచెం జాలి కూడా వినిపించింది. కంప్యూటరు చెప్పేది కొత్త బండికమ్మా, పాత బండి సంగతి వేరు అనబోయి ఆగాను. ఫోన్లో చెబితే తేలే మాట కాదది. అందుకే ఇది రాస్తున్నాను. దానికోసం, దానిలాగే ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకోసం.

గోపాలపట్నంలో హైవే పక్కనున్న ఒక వర్క్‌షాపులో నేను రిటైరయ్యేదాకా ఎస్టిమేట్లు రాశాను. మా నాన్నగారిది గోదావరి జిల్లా. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి ఇక్కడికి చేరారు. నేను ఉక్కునగరం క్వార్టర్లలో పెరిగాను. ఎన్నేళ్లు విశాఖలో ఉన్నా నా మాట చివరి 'అండీ' మాత్రం పోలేదు. ఇంజనాయిలు వాసన, సుత్తి చప్పుడు మధ్య ఆ 'అండీ' వినబడితే మొదట్లో అందరికీ నవ్వులాటగా ఉండేది. పోనుపోను అదే నాకు ఆసరా అయింది. ఎంత కోపంగా వచ్చిన కస్టమరైనా "ముందు కూర్చోండి, మంచినీళ్లు తాగండి" అంటే సగం చల్లబడేవాడు. ఎస్టిమేటు చూశాక మళ్లీ వేడెక్కేవాడనుకోండి, అది వేరే సంగతి.

ఎస్టిమేటంటే సామాన్లు, లేబర్. సామాన్లతో తంటా లేదు, పెట్టెమీద రేటు అచ్చువేసి ఉంటుంది. తంటా అంతా లేబర్‌తోనే. ఫలానా మోడలు వెనక బ్రేకులు చెయ్యడానికి ఇన్ని గంటలు పడుతుందని కంపెనీవాళ్లు లెక్కలు ఇస్తారు. ఆ లెక్క కొత్త బండిని నీడపట్టున పెట్టుకుని, నిన్న బిగించిన బోల్టుని ఇవాళ విప్పి కట్టింది. మన ఊళ్లో బండ్లు సముద్రపు గాలి పీల్చి బతుకుతాయి. పదేళ్లు దాటిన బండి కింద దూరి చూస్తే ఏది బోల్టో ఏది తుప్పో పోల్చుకోలేం. రిపేరుకి పట్టే టైము చెప్పొచ్చు. విప్పడానికి పట్టే టైము ఎవరు చెప్తారు?

మా హెడ్ మెకానిక్ మాత్రం చెప్పేవాడు. ఆయనది భీమిలి వైపు పల్లె. పొట్టి మనిషి, గట్టి మనిషి, నోరు అంతకంటే గట్టిది. మా ఓనరుదీ ఆ పక్క ఊరే. ఇద్దరికీ చుట్టరికమేమీ లేకపోయినా "బావా" అని పిలుచుకునేవారు, "బావా" అనే తిట్టుకునేవారు. వాళ్లిద్దరూ మాట్లాడుకోని రోజున షెడ్డంతా బోసిగా ఉండేది. మాట్లాడుకున్న రోజున చెవులు మూసుకోవాల్సి వచ్చేది.

ఓనరుకి ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చింది. చుట్టుపక్కల పెద్ద పెద్ద షోరూములు లేచాయి, బేరాలు తగ్గాయి. వాటితో పోటీకి, కస్టమరు బండి తేనక్కర్లేకుండా ఫోన్లో ఫొటో, వీడియో పంపితే చాలు, ఎస్టిమేట్ చెప్పేస్తాం, ఆ మాట మీదే నిలబడతాం అని బోర్డు పెట్టించాడు. మా మెకానిక్ ఆ బోర్డుకేసి చాలాసేపు చూసి, "బావా, పోటో సూసి సంబంధమే కుదుర్సుకోటం నేదు ఈ రోజుల్లో, బ్రేకులు సూసెత్తావా?" అన్నాడు. ఓనరు వినలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ పద్ధతి సుఖంగానే అనిపించింది. కుర్చీలోంచి లేవకుండా పనైపోతోంది కదా.

అలా ఫోన్లో వచ్చిన బేరమే ఈ వ్యాను.

విశాఖ పాతటౌనులో పెళ్లిళ్లకి బ్యాండు వాయించే మాస్టారొకాయన ఉండేవారు. ముస్లిం పెద్దమనిషి. తెల్లగడ్డం, చెవి వెనక ఎప్పుడూ చిన్న పెన్సిలు. ఆయన తాతల దగ్గర్నుంచీ అదే వృత్తి. ఏ మతంవాళ్ల పెళ్లయినా, వినాయకుడి ఊరేగింపైనా ఆయన మేళం ఉండాల్సిందే. ఆ మేళాన్ని మోసేది ఒక పాత వ్యాను. అంతకుముందు ఏదో బడి పిల్లల్ని మోసిందట. ఎర్రరంగు కొట్టించినా అంచుల దగ్గర పసుపు కనిపించేది. ఆయన ఫోన్లో వీడియో పంపి, "బ్రేకు కొంచెం లోతుకి పోతాంది మేడం. మూడుసార్లు తొక్కితే ఆగుతాది. శుక్రవారం సాయంత్రం ఉక్కునగరంలో పెద్ద పెళ్లి. పొద్దున్న బండి ఇస్తే మధ్యాహ్నానికి అయిపోద్దా?" అని అడిగారు.

వీడియోలో వ్యాను కడిగి ముస్తాబు చేసి ఉంది. ముందరి అద్దానికి పూలదండ కూడా. చక్రాల లోపల ఏముందో దేవుడికే తెలియాలి. వెనక బ్రేకు షూలు, ఆయిలు ఒత్తిడితో ఆ షూలని తోసే చిన్న సిలిండర్లు, వాటికి కంపెనీ లెక్క ప్రకారం లేబర్ వేసి, పాత బండి కదా అని ఒక గంట కలిపి పంపాను. ఓనరు ఆ కలిపిన గంట చూసి, "ఎందుకు మేడం, షోరూమోడు ఎగరేసుకుపోతాడు" అని కొట్టేయించాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి బండి ఇస్తామని మాటిచ్చాం.

శుక్రవారం పొద్దున్నే వ్యాను వచ్చింది. ముందు చక్రాలు విప్పి చూస్తే బాగానే ఉన్నాయి. వెనక కుడిచక్రం కొంచెం గొణిగింది గానీ ఊడింది. వెనక ఎడమ చక్రం దగ్గర మా మెకానిక్ ఆగిపోయాడు. టైరు ఊడదీశాక లోపల బ్రేకు డ్రమ్ము ఉంటుంది. మూకుడులాంటి ఇనప గిన్నె అది, దాని లోపలి గోడకి షూలు ఒరుసుకుంటే బండి ఆగుతుంది. ఆ గిన్నె ఊడితేనే ఏ పనైనా. అది తుప్పుతో ఇరుసుకి కరుచుకుపోయింది. నూనె పోశాడు, కొట్టాడు, కాసేపు ఆగి మళ్లీ కొట్టాడు. నన్ను కేకేశాడు.

"మేడమ్మా, ఓపాలి ఇటు రండి. ఇది బండి కాదు, ఉప్పుసేప. ఎన్నేళ్లు ఎండబెట్టేరో ఏటో."

"ఎక్కడ పెడతారండీ రాత్రిళ్లు వ్యాను?" అని మాస్టారుకి ఫోన్ చేసి అడిగాను.

"ఇంకెక్కడ మేడం, హార్బరు గోడ పక్కన. చల్లగాలి తగులుతుందని" అన్నారాయన ఎంతో ప్రేమగా.

ఓనరు వచ్చి చక్రం దగ్గర నిలబడ్డాడు. "బావా, మాట ఇచ్చీసినాం. పన్నెండు దాటితే పరువు పోద్ది."

"నువ్వు పోటో సూసి మాట ఇచ్చినావ్. నాను బోల్టు సూసి పని సేత్తన్నాను. రెండూ ఒకటవ్వవు బావా."

భోజనాల వేళయింది. బండి బదులు బ్యాండు వచ్చింది. వ్యాను సిద్ధంగా ఉంటుందనే ధైర్యంతో మాస్టారు తన వాళ్లందరినీ తీసుకుని సరాసరి వర్క్‌షాపుకే వచ్చేశారు. ఎర్రకోట్లు, భుజాలమీద జరీతాళ్లు, తెల్లప్యాంట్లు. మా నల్లని షెడ్డులో ఒక్కసారిగా దసరా వచ్చినట్టయింది. వాయిద్యాలు, లైట్లు, స్పీకరు పెట్టెలు, జనరేటరు అన్నీ ఒక ట్రాలీ ఆటోలో తెచ్చి గేటు పక్కన దించారు, దించగానే అది వేరే కిరాయికి వెళ్లిపోయింది. పెద్ద డ్రమ్ము వాయించే మనిషి నిజంగానే పెద్దవాడు. ఆ డ్రమ్ముని పసిపిల్లని దించినట్టు నేలమీద గుడ్డపరిచి దించాడు.

కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఊరికే కూర్చోవడం వాళ్లకి చేతకాదు. క్లారినెట్ ఒకాయన సన్నగా మొదలుపెట్టాడు, ఇంకొకరు అందుకున్నారు. మా వాళ్లు స్పానర్లు పట్టుకుని ఆగి చూస్తున్నారు. ఒక కారు కడుగుతున్న కుర్రాడి పైపు కారుని వదిలి గోడని కడుగుతోంది. అప్పుడే లోపల్నుంచి పెద్ద చప్పుడు, వెంటనే మా మెకానిక్ కేక.

"మేడమ్మా! డ్రమ్ము పగిలిపోనాది!"

పాట టక్కున ఆగింది. పెద్ద డ్రమ్ము మనిషి టీగ్లాసు వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తాడు. తన డ్రమ్ము చుట్టూ తడిమి, వాలి చెవి పెట్టి, చిన్నగా తట్టి చూసుకున్నాడు. "నాది బాగానే ఉందండీ!" అని అక్కడినుంచే అరిచాడు. నవ్వాలో ఏడవాలో తెలియని సమయమది, అయినా అందరం నవ్వేశాం. మా మెకానిక్ కూడా నవ్వాడు, చేతిలో పగిలిన ఇనప ముక్కతో.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కొత్త డ్రమ్ము కావాలి. ఆ మోడలు సామాను ఊళ్లో ఎక్కడా లేదు. ఒక దుకాణంవాడు మర్నాడు పొద్దున్నకి తెప్పిస్తానన్నాడు. ఇవాళ్టికి ఇంతే.

మాస్టారు గడియారం చూసుకున్నారు. ఫోన్ మోగింది. అవతల పెళ్లికొడుకు మేనమామ. "మాస్టారూ, బయల్దేరినారా? ఊరేగింపు టైమైపోతాంది, ఏటీ ఆలస్యం?" అన్న మాటలు మాకందరికీ వినబడ్డాయి. "వచ్చేస్తన్నాం బాబూ, దార్లోనే" అని మాస్టారు ఫోన్ పెట్టేసి నావైపు తిరిగారు.

"మేడం, ఒక చక్రమే కదా. ఆ చక్రానికి పోయే బ్రేకు ఆయిలు పైపు మడిచి తీగతో కట్టేయండి. మిగతా మూడింటికీ బ్రేకుంటాది కదా. మా పాత డ్రైవరు ఒకసారి అట్లానే చేసినాడు. రేపు పొద్దున్న తెచ్చి మీకే ఇస్తాం."

అలా చెయ్యొచ్చు. చేసేవాళ్లూ ఉన్నారు. ఖాళీ బండిని పక్కవీధిలోని షెడ్డుకి మెల్లగా తోలుకెళ్లడానికి అది పనికొస్తుంది. ఇక్కడ బండినిండా మనుషులు, పైన సామాను, ఎన్ఏడీ కూడలి దాటి గాజువాక మీదుగా కూర్మన్నపాలెం దాకా హైవే. ఆ రోడ్డుమీద ఇనప చుట్టలు మోసే ట్రైలర్లు ఎలా వస్తాయో ఉక్కునగరంలో పెరిగిన నాకు తెలుసు. బ్రేకు గట్టిగా తొక్కితే బండి ఒక పక్కకి లాగుతుంది. ఆ పక్కన ఏముంటుందన్నది అదృష్టం.

"ఇవ్వలేనండీ" అన్నాను.

మాస్టారు ఓనరుకేసి చూశారు. ఓనరు నన్ను పక్కకి పిలిచాడు. "మేడం, ఆయన బండి, ఆయనిష్టం. ఓ కాయితం రాయించుకుని సంతకం తీస్కోండి. ఏదైనా అయితే మనకి సంబంధం నేదని. బండి ఒగ్గీండి."

తాళంచెవి నా కోటు జేబులో ఉంది. దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలా అన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. అయినా నా గొంతు నాకే వింతగా మామూలుగా వచ్చింది.

"కాగితం రాస్తానండి. సంతకం కూడా తీసుకుంటాను. మీరు కూడా వాళ్లతో ఆ వ్యాన్లో ఉక్కునగరం దాకా వెళ్లి రండి. అప్పుడు తాళం ఇస్తాను."

ఓనరు నవ్వబోయాడు. నేను నవ్వలేదు. మా మెకానిక్ కిందనుంచి లేచి చేతులు తుడుచుకుంటూ, "నన్నెక్కమంటే నానెక్కను బావా. విప్పినోణ్ణి కదా, నాకు తెల్సు" అన్నాడు.

ఓనరు వ్యానుకేసి చూశాడు, ఎర్రకోట్లవైపు చూశాడు, హైవేకేసి చూశాడు. చెడ్డమనిషి కాదు. బేరాలు తగ్గిన భయం ఆయన్నలా మాట్లాడించింది. జుట్టు గోక్కుంటూ, "అయితే మరేటి సేద్దాం మేడం? పెళ్లోళ్లకి బ్యాండైతే ఎల్లాల కదా" అన్నాడు.

ఆ 'సేద్దాం' అన్న మాటతో నా ప్రాణం కుదుటపడింది. చేద్దాం అన్నాడంటే తనూ ఉన్నాడన్నమాట.

మనుషులకి ఆటోలు చాలు. పెద్ద డ్రమ్ము మాత్రం ఆ మామూలు ఆటోల్లో దూరలేదు. స్పీకర్లు, లైట్ల స్టాండ్లు, జనరేటరు సంగతి సరేసరి. మా షెడ్డు వెనక రికవరీ బండి ఉండేది. దారిలో ఆగిపోయిన కార్లని ఎక్కించుకుని తెచ్చే లారీ అది. వెనక బల్లపరుపుగా ఉంటుంది, నెత్తిన నారింజరంగు లైటు గిరగిరా తిరుగుతుంది. ఆ లారీ మాట ఎత్తింది ఓనరే. సామానంతా దానిమీదకెక్కించి, కార్లని కట్టే పట్టీలతోనే కట్టేశారు. బల్లమీద మనుషులు కూర్చోకూడదని నేను పట్టుబట్టాను. పెద్ద డ్రమ్ము మనిషి తన డ్రమ్ముని వదిలి ఆటో ఎక్కడానికి చాలా బాధపడ్డాడు. "మెల్లగా తోలండి భాయ్, స్పీడు బ్రేకర్లున్నాయి" అని మా మెకానిక్‌కి అప్పగింతలు పెట్టాడు.

"మీరూ రావాల మేడం. పెళ్లోళ్లకి జవాబు మీరే చెప్పాల" అన్నారు మాస్టారు. అలా నేను జీవితంలో మొదటిసారి రికవరీ లారీ ఎక్కి పెళ్లికి వెళ్లాను. వర్క్‌షాపు కోటు, పక్కన మసిగుడ్డలతో మా మెకానిక్, ముందు మూడు ఆటోలనిండా ఎర్రకోట్లు. ఆయన స్టీరింగు తిప్పుతూ, "దీనికి బ్రేకులున్నాయో నేవో అడగరేటి మేడమ్మా?" అన్నాడు. దార్లో నేను నవ్వింది ఆ ఒక్కసారే.

ఉక్కునగరం గేటు దాటి సెక్టారు రోడ్లలోకి తిరిగేసరికి పొద్దు వాలుతోంది. నేను సైకిలు నేర్చుకున్న రోడ్లవి. కమ్యూనిటీ హాలుకి కొద్దిదూరంలో పెళ్లివారు నిలబడి ఉన్నారు. మేనమామ పట్టుకండువా భుజాన వేసుకుని రోడ్డు మధ్యకి వచ్చాడు. తిరుగుతున్న లైటుని, లారీని, దాని బల్లమీద పట్టీలతో కట్టేసిన డ్రమ్ముని చూశాడు.

"ఏటండీ ఇది? బ్యాండు పిలిత్తే క్రేను తెచ్చినారు?"

నేను దిగి జరిగింది జరిగినట్టు చెప్పాను. బ్రేకులు కుదరలేదనీ, అలాంటి బండిలో మనుషుల్ని పంపలేకపోయామనీ, తప్పు మాస్టారిది కాదనీ. ఆయన కోపం దిగలేదు. ఆడపెళ్లివారి ముందు పరువు, ముహూర్తం, ఇచ్చిన అడ్వాన్సు, అన్నీ ఏకరువు పెడుతున్నాడు. ఇంతలో పెళ్లికొడుకు, తలపాగాతో సహా, స్నేహితుల్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. ఆ అబ్బాయి ఫ్యాక్టరీలో క్రేను నడుపుతాడని అప్పుడే తెలిసింది. లారీని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఇష్టంగా చూశాడు.

"మావయ్యా, నాను కారెక్కను. దీనిమీదే వత్తాను."

స్నేహితులు ఈలలు వేశారు. మనిషి నడక దాటి తోలకూడదని నేను షరతు పెట్టాను. సామాను దించి, బల్లమీద ఒక కుర్చీ వేసి దండలు చుట్టారు. పెళ్లికొడుకు ఎక్కాడు. కుర్చీ కదలకుండా మేనమామే ఎక్కి పట్టుకున్నాడు. బ్యాండు ముందు నిలబడింది. పెద్ద డ్రమ్ము మీద మొదటిదెబ్బ పడగానే క్వార్టర్ల బాల్కనీలన్నీ నిండిపోయాయి. మా మెకానిక్ మొదటి గేరులో, మనిషి నడిచే వేగంకంటే తక్కువగా, పాతికేళ్ల సర్వీసులో ఎప్పుడూ తోలనంత జాగ్రత్తగా తోలాడు. నారింజలైటు జరీతాళ్లమీద తిరుగుతుంటే అదేదో లైటింగువాళ్లు కావాలని పెట్టినట్టే ఉంది. హాలు గుమ్మం వచ్చినా ఊరేగింపు ఆగలేదు. మేనమామ కుర్చీ వదిలేసి లారీమీదే చేతులెత్తి ఊగుతూ, "మాస్టారూ, ఇంకొక్క పాట! ఇంకొక్కటి!" అని అరుస్తున్నాడు. అలా ఎన్ని ఇంకొక్కటులు వాయించారో లెక్కలేదు.

మమ్మల్నిద్దర్నీ తినకుండా కదలనివ్వలేదు. మా మెకానిక్ మసిచేతులు ఎంత కడిగినా పోలేదని బంతి చివర కూర్చోబోతే, పెళ్లికొడుకు స్నేహితులు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మధ్యలో కూర్చోబెట్టారు.

మర్నాడు కొత్త డ్రమ్ము వచ్చింది. ఆఖరి పని, బ్రేకు పైపుల్లో చిక్కుకున్న గాలి తియ్యడం. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు కింద చిన్న మూతి తెరిచి మూయాలి. మా వాళ్లందరూ వేరే పనుల్లో ఉన్నారు. మాస్టారుతోపాటు వచ్చిన పెద్ద డ్రమ్ము మనిషి నేను తొక్కుతానని ఎక్కి కూర్చున్నాడు. బలమైన కాలు, అందులో సందేహం లేదు. ఇబ్బందల్లా ఆ కాలికి తాళం వచ్చు. తొక్కడం మొదలుపెట్టిన కాసేపటికే అది దరువైపోయింది.

"పట్టంటే పట్టుకోవాల! దరువు కాదు!" కిందనుంచి మా మెకానిక్ అరుపు.

"పట్టుకున్నానండీ!"

"మరి పెడల్ ఎందుకు ఎగురతంది?"

"అది... అలవాటండీ."

పనైతే అయింది. తర్వాత బిల్లు దగ్గర అందరి మొహాలూ మారాయి. ఇచ్చిన ఎస్టిమేటులో లేబర్ ఎంతో, దానికి రెండింతలకి పైగా పని జరిగింది. మాట మాటే, ఎక్కువ అడగకూడదన్నాడు ఓనరు. "నీ మాటకి నా నడుం ఎందుకు ఒంగాల?" అని మా మెకానిక్ క్యారేజీ విప్పకుండా స్టూలుమీద అటు తిరిగి కూర్చున్నాడు. ఇద్దరిదీ న్యాయమే. నాకేం తోచక మాస్టార్ని వ్యాను దగ్గరికి తీసుకెళ్లాను. పగిలిన పాత డ్రమ్ము, విరిగిన బోల్టులు, చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలిన పైపు ముక్క, అన్నీ ఒక్కొక్కటిగా ఆయన చేతిలో పెట్టి, ఏది ఎందుకు ఎంతసేపు పట్టిందో చెప్పాను. ఎక్కువ ఇమ్మని అడగలేదు. ఏం జరిగిందో తెలియాలి కదా అనిపించింది.

ఆయన ఆ తుప్పు వేళ్లమధ్య నలిపి చూసుకున్నారు. తర్వాత గడ్డం దువ్వుకుంటూ నవ్వారు.

"నిన్న ఆ మేనమామ ఎన్నిసార్లన్నాడు మేడం, ఇంకొక్క పాట అని? మేం రెండు గంటలకి ఒప్పుకుని పోతాం. పెళ్లిలో ఎప్పుడూ రెండు గంటలతో అవ్వదు. ఆ ఇంకొక్క పాటకి ఊపిరి మాదే, రేటు మాత్రం ఉండదు. మా నాన్న అట్లానే వాయించినాడు, నేనూ అంతే." మా మెకానిక్ వైపు చూపించారు. "ఆ భాయ్ నిన్న వాయించిందంతా ఇంకొక్క పాటే కదా. వేయండి మేడం. మొత్తం వేయండి."

ఈ మాట ఓనరు విన్నాడు. కాసేపు బల్లమీద వేళ్లతో తాళం వేశాడు. "మొత్తం ఆయనకెందుకేత్తారు? సూడకుండా రేటు సెప్పింది మనం. పెరిగిందాన్లో సగం నా మీద రాయండి" అని, అటు తిరిగి కూర్చున్న వీపుని ఉద్దేశించి, "బావా, నీ డబ్బులు నీకొత్తాయి గానీ ముందు తిండి తినెహే" అన్నాడు. ఆ వీపు కొంచెంసేపు ఆలోచించి, క్యారేజీ మూత తీసింది. సాయంత్రానికి ఫొటో ఎస్టిమేటు బోర్డు కూడా దిగింది. దింపింది ఓనరే. నిచ్చెన పట్టుకుంది మా మెకానిక్.

వ్యాను అప్పజెప్పే ముందు ఒకసారి రోడ్డుమీద తిప్పి చూడాలి. మాస్టారు తానే తోలతానన్నారు. ఆయన పక్కన నేను, వెనక మా మెకానిక్. సందులోంచి మెల్లగా బయల్దేరాం. బజారు రోడ్డులో కొంచెం ముందుకెళ్లాక ఎదురుగా ఒక ఆవు తీరిగ్గా దాటుతోంది. మాస్టారు ఇన్నేళ్ల అలవాటు చొప్పున బ్రేకుని బలంగా, మూడుసార్లు తొక్కుదామని మొదలుపెట్టారు. రెండోసారి అవసరం పడలేదు. వ్యాను ఉన్నచోటే మేకు కొట్టినట్టు ఆగింది. నేను ముందుకి తూలాను. మా మెకానిక్ వెనక సీటులోంచి నేలమీదకి జారి, అక్కడినుంచే "పని సేసింది!" అన్నాడు.

వెనక కీచుమని చప్పుడు. ఒక ఆటో వెంట్రుకవాసిలో ఆగింది. డ్రైవరు దిగివచ్చాడు. "ఏటి తాతా, సెప్పకుండా అలగ ఆపెత్తే ఎలగ? నా బండికి బ్రేకులు సరిగ్గా నేవు, నాను సావాలా?"

మాస్టారు ఆ తిట్లకి నొచ్చుకోలేదు సరికదా, వ్యాను దిగి ఆ కుర్రాడి భుజంమీద చెయ్యి వేశారు. పెళ్లికబురు చెబుతున్నవాడిలా ఆయన మొహం వెలిగిపోతోంది. "కొత్త బ్రేకులు బాబూ, ఇప్పుడే వేయించినాను! ఒక్కసారికే ఆగిపోయింది, చూసినావా?" అని, వ్యాను కిటికీలోంచి నన్ను చూపించారు. "అదిగో, ఆ మేడమే. నీదీ చూపించుకో. తాళం మాత్రం అంత సులువుగా ఇవ్వదు, ముందే చెప్తన్నా."

ఆటో మా వెనకే వర్క్‌షాపుకి వచ్చింది. అతను ఇంకా కొంచెం చిరాగ్గానే ఉన్నాడు. తొందరగా బేరం తేల్చుకుని పోవాలని, బండి దిగకుండానే తల బయటపెట్టి అడిగాడు.

"లేబర్ ఎంతవుద్ది మేడం?"

నేను కుర్చీవైపు వెళ్లలేదు. కోటు చేతులు పైకి మడుచుకుని అతని ఆటో దగ్గరికి నడిచాను.

"ముందు దిగండి బాబూ. చక్రం విప్పి చూద్దాం."